అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (1914 సెప్టెంబర్ 20 - 2003 అక్టోబర్ 31) భారతదేశములో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడైన తెలుగు శాస్త్రవేత్త. ఏ.ఎస్.రావు అనే పేరుతో సుప్రసిద్ధుడు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) సంస్థాపకుడు. దేశపు మొదటి అణు రియాక్టరు అయిన అప్సరకు నియంత్రణ వ్యవస్థను రూపొందించిన బృందమునకు నాయకుడు. విదేశీ యంత్రాలను కొని వాడుకొనుటతో సరిపెట్టుకొనక, వాటిని ఇక్కడే తయారుచేసి, చెడిపోతే బాగుచేసి, కాలానుగుణముగా మార్చుకోగల సామర్థ్యము దేశానికి ఉండాలనే ఆశయము ఈయన కృషి అంతటిలోను కనిపిస్తుంది.

బాల్యము, విద్యాభ్యాసము

సాంబశివరావు నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికి సమీపమున ఉన్న మోగల్లు గ్రామములో జన్మించాడు. ఉన్నత విద్యకై కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, అక్కడ భౌతికశాస్త్రములో ఎమ్మెస్సీ పట్టా పొందాడు. అనంతరము అదే విశ్వవిద్యాలయములో అధ్యాపకుడుగా పనిచేశాడు.

1946లో టాటా ఉపకారవేతనము లభించగా అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయములో చేరి, 1947లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో రాడారు, రేడియో పరికరాల మూలముగా ఎలక్ట్రానిక్స్ విద్య అమెరికాలో ఎంతో ముందుకు సాగిన రోజులవి. భౌతికశాస్త్ర అధ్యాపకునిగా వెళ్ళిన సాంబశివరావు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా స్వదేశానికి తిరిగివచ్చాడు.

అణుశక్తి రంగములో

1948 ఆగస్టులో భారత ప్రభుత్వము హోమీ జహంగీర్ భాభా అధ్యక్షతన అణుశక్తి సంఘమును ఏర్పాటు చేసినది. భాభా నాయకత్వములోని ఈ కార్యక్రమములో సాంబశివరావు విశ్వకిరణాల పరిశోధకునిగా ప్రవేశించాడు. విశ్వకిరణాలు గాని, యురేనియము నుండి వెలువడే కిరణాలు గాని కంటికి కనిపించవు. వాటిని గైగర్ లెక్కింపు గొట్టము వంటి సాధనముతో పట్టి, అది వెలువరించే సూక్ష్మమైన విద్యుత్ స్పందనలను ఎలక్ట్రానిక్ వలయాలతో పెంచి లెక్కించవలసి ఉంటుంది. కనుక అణు పరిశోధన అంతా ఎలక్ట్రానిక్ పరికరాలపై ఆధారపడినది. ఆ పరికరాలను విదేశాలనుండి తెప్పించుటకు విదేశీ మారకద్రవ్యము కొరత ఒక ఆటంకము కాగా, అణు పరికరాల ఎగుమతిపై ఆయా దేశాలు విధించిన ఆంక్షలు మరొక ఆటంకము.

ఈ పరిస్థితులలో ట్రాంబేలో సాంబశివరావు నాయకత్వాన ఎలక్ట్రానిక్స్ విభాగము రూపుదిద్దుకున్నది. 1956 ఆగస్టు 4న పనిచేయటం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు ఇంధనము బ్రిటన్ నుండి వచ్చినప్పటికీ, నియంత్రణ వ్యవస్థ మాత్రము ఈ విభాగములోనే తయారైనది. రియాక్టరులో న్యూట్రానుల సంఖ్యను క్షణక్షణము లెక్కించుట, ఆ సంఖ్య హద్దు దాటబోయినప్పుడు నియంత్రణ కడ్డీలను లోపలికి దించి గొలుసు చర్యను ఆపివేయుట ఈ వ్యవస్థ చేసే పని. ఇందులో చిన్న పొరపాటు జరిగినా ప్రమాదము పెద్దది. అటువంటి బాధ్యతగల పరికరాలను భారతీయ ఇంజనీర్లు తయారుచేయగలరని అప్సర నిరూపించినది. అప్సర అనంతర కాలములో ఈ విభాగము రేడియోధార్మికతను కొలిచే పరికరాలను పెద్దసంఖ్యలో ఉత్పత్తి చేసే దశకు చేరుకున్నది.

భాభా కమిటీ

1962లో చైనాతో జరిగిన యుద్ధము, సైన్యానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాల విషయములో దేశపు వెనుకబాటును బయటపెట్టినది. 1963లో ప్రభుత్వము భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించినది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, సాంబశివరావు ఇందులో సభ్యులు. నలుగురు సభ్యులున్న ఈ కమిటీలో ఇద్దరు తెలుగువారు కావటం విశేషము. వీరిలో భగవంతం 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేసినవాడు.

1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదములో మరణించాడు. అదే సంవత్సరము కమిటీ నివేదిక వెలువడినది. ఎలక్ట్రానిక్స్ రంగములో దేశము పదేళ్ళలో స్వావలంబన సాధించాలని, అందుకు విడిభాగాల ఉత్పత్తి మొదలు కంప్యూటర్ల నిర్మాణము వరకు స్వదేశములో సాగాలని ఆ నివేదిక సారాంశము.

ఈసీఐఎల్ స్థాపన

ట్రాంబేలో అభివృద్ధి చేసిన పరికరాలను పరిశ్రమ స్థాయిలో తయారుచేయుటకై 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ ఆధ్వర్యములో హైదరాబాదులో ఈసీఐఎల్ స్థాపించబడినది. సాంబశివరావు దీనికి మేనేజింగ్ డైరెక్టరు అయ్యాడు.

నగరములోని ఈశాన్య భాగము అప్పటికే చదువులకు, పరిశోధనలకు నెలవుగా ఉన్నది. నల్లకుంట, విద్యానగర్ దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, దానిని ఆనుకొని తార్నాక వస్తాయి. తార్నాకలో ప్రాంతీయ పరిశోధనాలయము (నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ), హబ్సిగూడ వైపున 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉన్నవి. తార్నాక నుండి లాలాపేట, మౌలాలి మీదుగా ఉత్తరానికి వెళ్ళే దారిలో ఈసీఐఎల్ కర్మాగారము వెలసినది. దాని సమీపముననే 1971లో అణు ఇంధన సముదాయము కూడా ఏర్పడినది. దీనితో నల్లకుంట నుండి మౌలాలి అవతలి వరకు ఒక విశ్వవిద్యాలయము, పరిశోధనాలయాలు, కర్మాగారాలు ఒకే వరుసలో అమరినట్లయినది. ఈసీఐఎల్ చౌరస్తా అనే పేరు నగర బస్సుల పలకల మీదకు ఎక్కి, ఒక ప్రాంతపు పేరుగా స్థిరపడినది.

రియాక్టర్ల నియంత్రణ పరికరాలతో బాటు ఈసీఐఎల్ టెలివిజన్లను కూడా తయారుచేసినది. గాజు వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లతో పనిచేసే టెలివిజన్‌ను దేశములో మొదట తయారుచేసినది ఈ సంస్థయే. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా గ్రామాలకు విద్యాకార్యక్రమాలను ప్రసారము చేసిన సైట్ ప్రయోగములో, ఆంధ్ర ప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్లను అందజేసినది.

టీడీసీ కంప్యూటర్లు

భాభా అణు పరిశోధనా కేంద్రములో సాంబశివరావు పర్యవేక్షించిన ఎలక్ట్రానిక్స్ బృందము ట్రాంబే డిజిటల్ కంప్యూటరును రూపొందించినది. 1969లో వెలువడిన టీడీసీ-12 ఈ వరుసలో మొదటిది. ఇది 12 బిట్ల యంత్రము, అనగా ఒక్కొక్క పదములో 0 నుండి 4095 వరకు 4096 విలువలలో ఏదో ఒకదానిని ఉంచవచ్చును. అమెరికాలో 1965లో విడుదలైన పీడీపీ-8 కూడా ఈ తరగతికి చెందినదే. ఈసీఐఎల్ దీనిని ఉత్పత్తి చేసి, 1970వ దశకము మధ్యలో టీడీసీ-312ను, 16 బిట్ల టీడీసీ-316ను, 1978లో మైక్రోప్రాసెసరుతో పనిచేసే మైక్రో-78ను తయారుచేసినది. పరిశోధనాలయాలలో, విద్యాసంస్థలలో ఆనాడు కంప్యూటరును దగ్గరనుండి చూసిన అనేకమంది భారతీయ విద్యార్థులకు ఆ యంత్రము టీడీసీ వర్గానికి చెందినదే.

ఆ తరము యంత్రాలలో సమాచారము ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థముతో చేసిన సన్నని ఉంగరాలలో నిలువ ఉండేది. కంప్యూటరును మొదలుపెట్టుటకు ముందరి పలకపై ఉండే మీటలను ఒకటి తరువాత ఒకటిగా పైకి, క్రిందికి వేసి కొన్ని తొలి ఆదేశాలను చేతితో ఎక్కించవలసివచ్చేది. పిమ్మట రంధ్రాలున్న కాగితపు పట్టీ నుండి అసలు ప్రోగ్రామును చదివించేవారు. యంత్రము లోపల ఏమి జరుగుతున్నదో తెలియనివాడు దానిని నడపటం కష్టమే.

కంట్రోలర్ కార్డులు, ఫర్మ్‌వేర్ చిప్పులు

సమాచారము పెరిగినకొద్దీ కాగితపు పట్టీల స్థానములో అయస్కాంత డిస్కులు వచ్చాయి. డిస్కును కంప్యూటరుకు నేరుగా తగిలించుట సాధ్యము కాదు. డిస్కు ఏ వేగముతో తిరుగుతున్నది, చదివే తల ఏ వలయముపై ఉన్నది, వచ్చిన బిట్లలో తప్పులున్నవా అనే సంగతులను చూసుకొనుటకు నడుమ ఒక కంట్రోలర్ కార్డు ఉండాలి. డిస్కులు, ముద్రణ యంత్రాలు వంటి అనుబంధ పరికరాల కొరకు ఆనాటి భారతీయ పరిశ్రమ చాలవరకు దిగుమతులపైనే ఆధారపడినది. ఒక దేశములో చేసిన డిస్కును మరొక దేశములో చేసిన కంప్యూటరుకు కలపాలంటే నడుమ ఉండే ఈ కార్డు రెండింటి భాషలను ఎరిగి ఉండాలి.

తొలినాళ్ళలో కంట్రోలరు చేసే పని అంతా తీగల అమరికలోనే ఉండేది. పని మార్చాలంటే కార్డునే మార్చాలి. 1971లో ఇంటెల్ కంపెనీలో పనిచేస్తున్న డవ్ ఫ్రోమన్ చెరిపి తిరిగి వ్రాయగల ఈప్రామ్ చిప్పును కనుగొనటంతో ఈ పరిస్థితి మారినది. చిప్పు పైభాగాన ఉండే స్ఫటిక కిటికీ గుండా అతినీలలోహిత కిరణాలను సుమారు 20 నిముషాలు ప్రసరింపజేస్తే అందులోని ప్రోగ్రాము చెరిగిపోతుంది, తిరిగి క్రొత్తది వ్రాయవచ్చును. ఈ విధముగా చిప్పులో స్థిరముగా ఉండి పరికరాన్ని నడిపే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. ఈ పదమును 1967లో, అనగా ఈసీఐఎల్ పుట్టిన సంవత్సరములోనే, అస్చర్ ఓప్లర్ ప్రయోగములోకి తెచ్చాడు.

దీని ప్రాముఖ్యతకు 1983లో వచ్చిన ఐబీఎం పీసీ-ఎక్స్‌టీ మంచి ఉదాహరణ. దాని డిస్కు కంట్రోలరు కార్డుపై ఉన్న చిప్పులోని పట్టికలో నాలుగు రకాల డిస్కుల వివరాలు మాత్రమే ఉండేవి. పట్టికలో లేని డిస్కును అమర్చితే దాని పూర్తి సామర్థ్యము వినియోగములోకి రాదు. కార్డు, డిస్కు రెండూ బాగున్నా, చిప్పులోని ప్రోగ్రాము పాతది కావటమే కారణము. చిప్పును మార్చితే అదే కార్డు పెద్ద డిస్కును నడపగలదు.

మార్చే విధానములో కొన్ని జాగ్రత్తలు అవసరము. ముందుగా పాత చిప్పులోని ప్రోగ్రామును చదివి భద్రపరచాలి. విద్యుత్ సరఫరాను తొలగించి, శరీరములోని స్థిర విద్యుత్తును భూమికి వదలిన తరువాతనే కార్డును తాకాలి. చిప్పు ఒక చివర ఉండే గాడి, సాకెట్టుపై గల గాడి ఒకే దిక్కున ఉండేటట్లు అమర్చాలి, తలక్రిందులుగా పెడితే చిప్పు కాలిపోతుంది. ఎక్స్‌టీ తరగతి కార్డులలో చిప్పులోని బైట్లన్నింటినీ కూడితే వచ్చే మొత్తము 256తో నిశ్శేషముగా భాగింపబడాలి, లేనిచో కంప్యూటరు దానిని స్వీకరించదు. పని ముగిసిన తరువాత సూర్యకాంతి తగలకుండా కిటికీపై చీటీ అంటించాలి.

ఇదంతా చిన్న పనిగా కనిపించినా, కార్డు వలయపటము, చిప్పులోని ఆదేశాల పట్టిక చేతిలో ఉన్నవారికే అది సాధ్యము. లేనివారు తయారీదారుని దయకై ఎదురుచూడాలి. భాభా కమిటీ ఆశించిన స్వావలంబన ఇటువంటి చోటనే పరీక్షకు నిలుస్తుంది.

ఐబీఎం నిష్క్రమణ

1970వ దశకములో భారతదేశపు కంప్యూటరు రంగముపై ఐబీఎం కంపెనీదే ఆధిపత్యము. ఇతర దేశాలలో వాడి వదిలిన 1401 వంటి పాత యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకివ్వటంపై పార్లమెంటు ప్రజాపద్దుల సంఘము విమర్శలు చేసినది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టము ప్రకారము విదేశీ వాటాను తగ్గించుకొనుటకు అంగీకరించని ఐబీఎం 1978లో దేశమును విడిచి వెళ్ళినది. ఆ యంత్రాల మరమ్మతు బాధ్యతను ప్రభుత్వ సంస్థయైన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ స్వీకరించినది. తయారీదారు వెళ్ళిపోయినా యంత్రాలు ఆగకుండా నడుచుటకు, యంత్రాల లోపలి భాగాలు తెలిసిన ఇంజనీర్లు దేశములో ఉండటమే కారణము. పరిశోధనాలయాలు, ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ సంస్థలు అటువంటి ఇంజనీర్లను తయారుచేసినవి.

విమర్శలు

ఈసీఐఎల్ కంప్యూటర్లపై విమర్శలు కూడా ఉన్నవి. విదేశీ యంత్రాలతో పోల్చితే వీటి ధర ఎక్కువ, సాంకేతికత కొన్నేళ్ళు వెనుకబడినది అన్నది ముఖ్యమైన విమర్శ. టీడీసీ-16 బిట్ల యంత్రము విపణిలోకి వచ్చేనాటికి అమెరికాలో ఆ తరగతి పీడీపీ-11 వచ్చి దాదాపు ఐదేళ్ళు గడిచినవి. ప్రభుత్వ రక్షణ ఉన్నందున ఈసీఐఎల్‌కు పోటీ లేకపోయినదని, దానివలన వాడుకదారులు నష్టపోయారని కొందరి అభిప్రాయము. 1978లో ప్రభుత్వము చిన్న కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు సంస్థలను అనుమతించినప్పుడు డీసీఎం, హెచ్‌సీఎల్ వంటి కంపెనీలు దిగుమతి చేసుకున్న మైక్రోప్రాసెసర్లతో చవకగా యంత్రాలను తయారుచేసి విపణిని ఆక్రమించినవి. ప్రతి భాగమును స్వయంగా చేయాలన్న పట్టుదలకు, వాడుకదారునికి తక్కువ ధరలో మంచి యంత్రము అందాలన్న అవసరానికి నడుమ గల ఈ ఘర్షణ సాంబశివరావు నిర్మించిన సంస్థను వెన్నాడినది. అయితే క్రొత్త కంపెనీలకు అందివచ్చిన శిక్షణ పొందిన మానవవనరులు, వాడుకదారులు అంతకు ముందు దశాబ్దపు కృషి ఫలితమే అని చెప్పవచ్చును.

ఓటింగు యంత్రము

1977లో ఎన్నికల సంఘము ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రమును గురించి ఆలోచించి, దాని రూపకల్పనను ఈసీఐఎల్‌కు అప్పగించినది. 1979లో నమూనా సిద్ధమైనది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ఎదుట దానిని ప్రదర్శించారు. 1982లో కేరళలోని పరూర్ శాసనసభ నియోజకవర్గములో 50 పోలింగ్ కేంద్రాలలో ఓటింగు యంత్రాలను మొదటిసారిగా వాడారు. చట్టములో వీటికి చోటులేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పునివ్వగా, 1988లో చట్టమును సవరించారు. 2004 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటా ఈ యంత్రాలనే వాడారు. వీటిని ఈసీఐఎల్, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలు తయారుచేసినవి.

డిస్కు కంట్రోలరులోని చిప్పుకు, ఓటింగు యంత్రములోని చిప్పుకు ఒక ముఖ్యమైన భేదము కలదు. మొదటిదానిలో ప్రోగ్రామును మార్చగలగటమే గుణము. రెండవదానిలో మార్చలేకపోవటమే గుణము. అందువలన ఎన్నికల సంఘము ఓటింగు యంత్రాలలో ఒక్కసారి మాత్రమే వ్రాయుటకు వీలయ్యే చిప్పులను ఎంచుకున్నది. ఏ చిప్పు మారాలో, ఏది మారకూడదో నిర్ణయించే అధికారము యంత్రమును రూపొందించినవారికే ఉంటుంది. ఆ రూపకల్పన దేశములోనే జరుగుటకు తగిన సంస్థను నిర్మించుట సాంబశివరావు సాధించిన పని.

పురస్కారాలు

1960లో భారత ప్రభుత్వము నుండి పద్మశ్రీ
1965లో ఇంజనీరింగు శాస్త్రాలలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారము
1972లో పద్మభూషణ్

మరణము, స్మృతి

సాంబశివరావు 2003 అక్టోబర్ 31న తన 89 యేళ్ళ వయసులో మరణించాడు. ఈసీఐఎల్ సమీపమున వెలసిన కాలనీకి ఈయన పేరు మీదుగా డాక్టర్ ఏ.ఎస్.రావు నగర్ అని పేరు పెట్టారు. ఉద్యోగుల ఇళ్ళతో మొదలైన ఆ కాలనీ క్రమముగా నగరములోని పెద్ద వాణిజ్య, నివాస ప్రాంతాలలో ఒకటిగా ఎదిగినది. తార్నాక మీదుగా అక్కడికి వెళ్ళే ప్రయాణికులలో చాలామందికి అది ఒక బస్సు స్టాపు పేరు మాత్రమే అయినా, ఆ పేరుగల వ్యక్తి నడిపిన సంస్థలో దేశపు తొలితరము కంప్యూటర్లు తయారైనవి.